పదమూడు సార్లు కొన్న మిక్సీ

నా నోట్లో ఒక్క పన్ను లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పిన నోరది. సంధులు చెప్పింది, సమాసాలు చెప్పింది, వెనక బెంచీ వాళ్ళను ఇంటిపేర్లతో సహా తిట్టింది. నేను రిటైరైన రెండేళ్ళలో పళ్ళు కూడా ఒక్కొక్కటే సర్వీసు చాలించుకుని వెళ్ళిపోయాయి. అప్పటినుంచీ నా తిండి జావ, గుజ్జు, మెత్తగా ఉడికిన అన్నం. పెళ్ళిళ్ళలో పంక్తి అంతా గారెలు కొరుకుతుంటే నేను మజ్జిగ తాగి, అక్షింతలు వేసి వచ్చేస్తున్నాను. మాట్లాడితే సగం గాలే. ఇక్కడ శుభ్రంగా రాస్తున్నాను కాబట్టి మీకు తెలియడం లేదు.

అందుచేత గొర్లె సన్యాసినాయుడు అనే నాకు ఈ వయసులో మిగిలిన ఆశ ఒక్కటే, పళ్ళ సెట్టు. మా రెల్లివలస బస్టాండు ఎదురుగా కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు, పై వరసా కింది వరసా కలిపి ఇరవై నాలుగు వేలన్నాడు. నా పింఛను ముప్పై వేలు. నవంబరు పింఛను పడగానే కట్టించేసుకోవాలని నేనూ, మా ఆవిడ పైడమ్మా తీర్మానించుకున్నాం. ఒక నెల పెరట్లో తోటకూరతో సరిపెడతానని ఆవిడ మాట కూడా ఇచ్చింది.

ఏటా నవంబరులో మా పింఛనుదార్లకు ఒక పరీక్ష ఉంటుంది. సబ్ ట్రెజరీకి వెళ్ళి, బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. గుమాస్తా మన మొహం చూస్తాడు, ఫొటో చూస్తాడు, మళ్ళీ మన మొహం చూస్తాడు. పోనీలే అని సంతకం పెడతాడు. ఈసారి మాత్రం పెన్ను మూత తియ్యనేలేదు.

"బతికుంటే సరిపోదు మాస్టారూ. ఇప్పుడు చలామణీ అవ్వాల" అన్నాడు.

"నేనేమైనా నోటునా చలామణీ అవడానికి?"

"నాకు తెల్దండి. పైనించి ఆర్డరొచ్చినాది. కొత్తాఫీసరుగారు మేడ మీద మీటింగెడతన్నారు, ఎల్లండి. టీ కూడా ఇస్తారట."

టీ అన్నారు కాబట్టి వెళ్ళాను. మేడ మీద మా మండలం రిటైర్డు ఉపాధ్యాయులు అరవై ముగ్గురూ ఉన్నారు. ముందు వరసలో లెక్కల టీచరు బొడ్డేపల్లి కృపావతి, ఆవిడ పక్కన డ్రిల్లు మాస్టారు దాలినాయుడు. రిటైరై ఏడేళ్ళైనా దాలినాయుడు మెడలో విజిలు తియ్యలేదు. కొత్తాఫీసరు పేరు చక్రధర్. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో టై, చేతిలో పలక లాంటి కంప్యూటరు, గోడ మీద పెద్ద గుండ్రం బొమ్మ.

"గౌరవనీయులైన విశ్రాంత ఉపాధ్యాయ మహాశయులారా!" అని మొదలుపెట్టాడు. "కొత్తగా చేరే ఉపాధ్యాయుల జీతంలో కొంత కోసి, దాచి, మార్కెట్లో పెడుతున్నాం. మీది పాత పద్ధతి. మీకోసం ఎక్కడా ఏ హుండీలోనూ ఏమీ దాచలేదు. ఈ నెల వసూలైన పన్నులోంచే ఈ నెల మీ పింఛను. ఔనా? మరి ఆ పన్ను ఎక్కడిది?"

"జనం సామాన్లు కొంటే వస్తుంది" అంది కృపావతి.

"ఆ జనం ఎవరు?"

మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

"మీరే! మీరూ జనమే!" అంటూ గుండ్రం బొమ్మ మీద కర్రతో కొట్టాడు. "ఖజానా మీకు పింఛను ఇస్తుంది. మీరు దానితో వస్తువు కొంటారు. ఆ పన్ను ఖజానాకు వస్తుంది. ఖజానా మళ్ళీ మీకు పింఛను ఇస్తుంది. అంటే మీ పింఛనును మీరే సృష్టించుకోవచ్చు. ఇన్నాళ్ళూ మీరు భారం. నేటినుంచి మీరు ఇంధనం. దీనికి స్వయంపోషక పింఛను చక్రం అని నామకరణం చేయడమైనది. రాష్ట్రంలో మొట్టమొదట రెల్లివలసలో అమలుపరచుటకు నిర్ణయించడమైనది."

చప్పట్లు కొట్టాం. చెప్పొద్దూ, ఇంధనం అన్నమాట నాక్కూడా బాగానే అనిపించింది. పిల్లలు ముసలాడనీ, మాస్టర్లు బోడినోరనీ అంటుంటే ఇదేదో నయం కదా. తర్వాత ఒక్కొక్కరికీ ఒక చలామణీ పుస్తకం ఇచ్చారు. పన్ను పడే వస్తువు కొంటే నీలం సిరాతో రాయాలి. పన్ను పడనిది కొంటే ఎర్రసిరాతో రాయాలి. దాని పేరు కారుట, అంటే చక్రంలోంచి డబ్బు కారిపోవడమట. బియ్యం, పాలు, కూరలు, మందులు అన్నీ కారుటే. కారుట నెలకు ఆరువేలు దాటకూడదు. దాటితే పింఛను నిలుపుదల. డిసెంబరునుంచి ప్రతివారి పింఛనులో నలభై శాతం పన్నుగా తిరిగి రావాలి. మార్చినాటికి నూటికి నూరు శాతం.

నేను లేచాను. "బాబూ, పళ్ళ సెట్టు కట్టించుకోవాలి. అది నీలమా, ఎరుపా?"

మూడుసార్లు అడిగితేగాని ఆయనకు అర్థం కాలేదు. పలకలో చూశాడు. "వైద్యం. పన్ను లేదు. కావున కారుట. ఇరవై నాలుగు వేలు అంటే నాలుగు నెలల కోటా. నాలుగు నెలలు నిలుపుదల."

"మరి నేనేం కొనాలి?"

"ఏసీ కొనండి. పన్ను శ్రేష్ఠంగా ఉంటుంది."

"ఏసీతో నమల్లేను కదా బాబూ."

"అది తమరి వ్యక్తిగత అభిరుచి" అన్నాడు చక్రధర్, చాలా మర్యాదగా.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. పళ్ళు కట్టించుకోవడానికి మాత్రం సర్కారు దయ కావాలని ఆ రోజే తెలిసింది.

నవంబరంతా మావాళ్ళు పన్ను పడేవి వెతుక్కుంటూ కొన్నారు. బండి లేని దాలినాయుడు మూడు హెల్మెట్లు కొన్నాడు. అవి చాలవని అయిదు వేలు పెట్టి ఒక మిక్సీ కూడా కొన్నాడు. వాళ్ళ కోడలికి అప్పటికే రెండు మిక్సీలున్నాయి. హిందీ పండితుడు ఇంటికి రంగులు వేయించి, డబ్బాలు మిగిలాయని పక్కింటికి కూడా వేయించాడు. ఇంత చేసినా నెలాఖరుకు తేలింది పదకొండు శాతమే. మేడ మీద మళ్ళీ మీటింగు పెడితే, కృపావతి నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, అలవాటు ప్రకారం ఎడంచేత్తో చీరకొంగు దోపుకుని లెక్క వేసింది.

"బాబూ, మాకు ముప్పై వేలొస్తుంది. తిండీ నీళ్ళూ మానేసి మొత్తం పద్దెనిమిది శాతం వస్తువులే కొన్నామనుకో. పన్ను అయిదువేల నాలుగు వందలు. నువ్వడిగేది పన్నెండు వేలు. డబ్బున్నదే అంత. ఎక్కణ్ణుంచి తెస్తాం?"

మేమంతా ఇక చక్రం పని అయిపోయిందనే అనుకున్నాం. చక్రధర్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"అద్భుతం మేడమ్! డబ్బు ఒక్కసారే తిరగాలని ఎవరన్నారు? తమరు వస్తువును కొని ఇంట్లో పెట్టేసుకుంటున్నారు. అక్కడే చక్రం ఆగిపోతోంది. కొన్నదాన్ని అమ్మండి. అమ్మితే మళ్ళీ పన్ను. కొన్నవారు మళ్ళీ అమ్మాలి. మళ్ళీ పన్ను!"

"వ్యాపారులైతే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు మినహాయించుకుంటారు కదా?"

"అది వ్యాపారులకు మేడమ్. తమరు పింఛనుదారులు."

"మరి పింఛనుదారులమైతే అమ్మడమెందుకు?"

"ఇంధనం కాబట్టి."

కృపావతి సుద్దముక్క బల్ల అంచున పెట్టేసి వచ్చి కూర్చుంది.

ఇక్కడ మా జాతి గురించి ఒక మాట చెప్పాలి. ఉపాధ్యాయుడికి ఎంత పిచ్చిపని అప్పగించినా సరే, దానికొక టైమ్‌టేబులు వేసి, బెల్లు కొట్టి, హాజరు తీసుకుని, శుభ్రంగా జరిపించేస్తాడు. జనాభా లెక్కలు చేశాం, ఓటర్ల లిస్టులు రాశాం, ఊళ్ళో మరుగుదొడ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాం. ఈ పనేదో తప్పని అనుకునే అలవాటు మాకు లేదు. ఎలా చెయ్యాలనేదే ఆలోచిస్తాం. మర్నాటికల్లా ఉపాధ్యాయ భవనంలో అరవై మూడు కుర్చీలు గుండ్రంగా వేసేశాం. దాలినాయుడు తెచ్చిన మిక్సీని అట్టపెట్టెతో సహా సీలు వేసి మధ్యలో పెట్టాం. మొదటి పీరియడు, రెండో పీరియడు, ఇంటర్వెల్లు. దాలినాయుడు విజిలేస్తే పెట్టె కుడిపక్కకి వెళ్ళాలి, అయిదువేలు ఎడంపక్కకి రావాలి, తొమ్మిది వందలు చక్రధర్‌గారి డబ్బాలో పడాలి. రశీదు. మళ్ళీ విజిలు.

"పెట్టె కింద పెట్టకండి! నడుం నిటారుగా!" అని దాలినాయుడు అరుస్తుంటే డెబ్బై ఏళ్ళ వాళ్ళం ఆరో తరగతి పిల్లల్లా అందుకున్నాం. పోనీ, సరదాగా లేదా అంటే ఉంది. అబద్ధమెందుకు? అందరం ఒకచోట చేరడం, పాతకబుర్లు, హిందీ పండితుడు పెట్టె అందుకోగానే దానికి దండం పెట్టడం. నేను కూడా నవ్వాను. పెట్టె మీద ఒకావిడ గిన్నెలో కొబ్బరిపచ్చడి పట్టుకుని నవ్వుతున్న బొమ్మ ఉంది. నా ఒళ్ళోకి వచ్చినప్పుడల్లా ఆ గిన్నెకేసి చూసి, పక్కవారికి అందించేవాణ్ణి.

డిసెంబరు మూడో వారానికి పదమూడు చుట్లు పూర్తయ్యాయి. అంటే ఒక్క మిక్సీ ఎనిమిది వందల పంతొమ్మిది సార్లు అమ్ముడుపోయింది. సుమారు నలభై ఒక్క లక్షల వ్యాపారం. రెల్లివలస గృహోపకరణాల రంగంలో అనూహ్య ప్రగతి అని పేపర్లో పడింది. అది చూసి ఒక మిక్సీ కంపెనీ మనిషి లారీ వేసుకుని వచ్చాడు. నెలకు ఎనిమిది వందల మిక్సీలు తాగేస్తున్న ఊరు ఇదేనా అనడిగితే, ఇదే, మిక్సీ మాత్రం ఒకటే అని చెప్పాం. ఆయన కాసేపు మెట్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

భవనం బయట సంగతి వేరు. ఒకనాడు ఇడ్లీ హోటలు అప్పలకొండ నన్ను రోడ్డు మీద ఆపేశాడు.

"ఏటి మాస్టారూ, ఒకటో తారీకొస్తే మీ మాస్టర్లు నా బెంచీల్నిండా కూకుండేవోరు. మీరైతే ఇడ్లీ సాంబార్లో నానబెట్టి మరీ తినీవోరు. ఒక్కరూ రారేటి?"

"నీ ఇడ్లీకి పన్ను లేదురా. అది కారుట. ఎర్రసిరా పడుతుంది."

"మా ఇడ్లీ కారతాదా? ఎవడన్నాడండీ?"

"ఊరి వ్యాపారం పెరిగిందిలే. పేపర్లో వేశారు, చూళ్ళేదా? నలభై ఒక్క లక్షలు."

"ఎక్కడ పెరిగినాదండీ? నా గల్లాపెట్టి కాళీగుంది. కూరల సావిత్రమ్మ బుట్టలు ఎత్తేసి అక్కోరింటికి ఎల్లిపోనాది. పళ్ళ డాక్టరు మద్దేన్నం నా బెంచీ మీదొచ్చి తొంగుంటన్నాడు." కాస్త ఆలోచించి, "ఆ మిక్సీని ఓపాలి నా ఓటల్కి అంపండి. పచ్చడైనా రుబ్బుకుంటాను" అన్నాడు.

నేను ఆ మాటకు నవ్వేశాను. ఆలోచన అంటువ్యాధి అని తర్వాత తెలిసింది.

ఇక సెలవు రోజుల్లో పెట్టె ఎక్కడుండాలన్నది ప్రశ్న. దానికీ టైమ్‌టేబులు వేశాం. ఆ ఆదివారం వంతు నాది. చక్రధర్ నాకొక కాగితం ఇచ్చాడు. "సదరు ఆర్థిక వ్యవస్థను శనివారం సాయంత్రం అయిదు గంటల నుండి సోమవారం ఉదయం పది గంటల వరకు తమ సంరక్షణలో ఉంచడమైనది. దుమ్ము పడకుండా చూడవలసినది." దాన్ని మా బీరువా పక్కన బల్ల మీద పెట్టి, తుండుగుడ్డ కప్పాను. పొద్దున్నే అరటిపళ్ళకని బజారుకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వీధి గుమ్మంలోకే గుర్రుమని చప్పుడు వినిపించింది.

వంటింట్లోకి పరిగెత్తాను. అట్టపెట్టె పొయ్యి పక్కన చిరిగి ఉంది. మిక్సీ గట్టు మీద తిరుగుతోంది. జాడీలో కొబ్బరి, పచ్చిమిరప, ఇంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు.

"ఓసి నీ దుంపతెగ! ఏం చేశావే? సీలు తీసేశావా? అది మిక్సీ కాదే, ఆర్థిక వ్యవస్థ!"

పైడమ్మ స్విచ్చి ఆపి, తాపీగా మూత తీసి చూసింది. "ఏటి అరుస్తారు? ఈ నెల్లో పదమూడు సార్లు కొన్నారు. రశీదులన్నీ మీరే సూపించినారు. పదమూడు సార్లు కొన్న వస్తువుతో ఓపాలి రుబ్బుకుంటే తప్పేటి?"

"వాడకూడదే! వాడితే విలువ పోతుంది."

"వాడకుండా ఉంటే ఏటుంటాది విలువ? పన్నెండు వేలు పోసి అట్టపెట్టిని ఊరేగిస్తన్నారు. ఆ డబ్బుతో మీ నోట్లోకి ఒక వరస పళ్ళొచ్చీవి. రోలు మీద రుబ్బుదారంటే నా సెయ్యి లెగవట్లేదు. రెండు నెల్లనుంచి మీకు ఒట్టి జావే పోత్తుంటే నాకు కడుపు తరుక్కుపోతన్నాది. కూకోండి ముందు."

కూర్చున్నాను. ఏం చెప్పను? నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మిరపకాయ ఘాటని చెప్పాను, ఆవిడ నమ్మలేదు. మెత్తటి అన్నంలో ఆ పచ్చడి కలిపి, ఇంత నెయ్యి వేసి పెట్టింది. చెప్పొద్దూ, అమృతం. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. రాష్ట్రంలోనే మొదటి స్వయంపోషక చక్రాన్ని ఆ పూట మేమిద్దరం కలిసి తినేశాం.

సోమవారం పెట్టెకు టేపులు అంటించి తీసుకెళ్ళాను. దాలినాయుడు విజిలేశాడు. నా కుడిపక్క కృపావతి. పెట్టె అందుకోగానే ఆవిడ ముక్కు కదిలింది. నాకేసి చూసింది. పెదవి బిగబట్టి పక్కకిచ్చింది. ఆవిడ మంచిది. హిందీ పండితుడు మాత్రం అలవాటుగా దండం పెట్టబోతూ, "వెల్లుల్లి!" అని కేకేశాడు.

చక్రధర్ పెట్టె తెరిచాడు. జాడీ అడుగున వేలు పెట్టి రాశాడు. వాసన చూశాడు. మనిషి తెల్లబోయాడు.

"వస్తువును... వాడటం జరిగినది!"

అప్పటికప్పుడు నాకు మెమో. "తేదీ ఇరవై, ఆదివారం ఉదయం, తమ సంరక్షణలో ఉంచబడిన ఆర్థిక వ్యవస్థతో తమ ధర్మపత్ని కొబ్బరిపచ్చడి చేసినట్లును, దానిని తాము భుజించినట్లును ప్రాథమిక విచారణలో వెల్లడైనది. తమపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలసినది." నేను కింద రెండు పంక్తుల జవాబు రాసిచ్చాను. "పచ్చడి బాగున్నది. పళ్ళు లేవు."

వాడిన మిక్సీ కనుక పద్దెనిమిది వందలకు మించి ఎవరూ కొననన్నారు. అలా కొంటే సారికి పన్ను మూడు వందల చిల్లర. మా ఊరి ప్రగతి ఒక్క పూటలో కొండ దిగి వచ్చేసింది. దానికి తోడు జనవరి రెండున రాజధానినుంచి ప్రధాన సంచాలకులవారు వస్తున్నారు. చక్రాన్ని చూసి, నచ్చితే రాష్ట్రమంతా తిప్పుతారట. చక్రధర్ పాపం అన్నం మానేశాడు.

"కొత్త మిక్సీ కొంటే పోలేదా బాబూ?" అన్నాడు దాలినాయుడు.

"మళ్ళీ ఎవరో రుబ్బరని నమ్మకమేమిటి? లోపం మిక్సీలో లేదు మాస్టారూ. దానికి ఉపయోగం ఉండటంలో ఉంది" అన్నాడు చక్రధర్. "ఖరీదు ఉండాలి, పన్ను పడాలి, ఎవరికీ ఎందుకూ పనికిరాకూడదు. అట్టి వస్తువు తక్షణం కావలెను. తమ సలహాలు ఆహ్వానించడమైనది."

"మీ సర్క్యులర్లు ఉన్నాయి కదా" అంది కృపావతి.

"ఖరీదు లేదు మేడమ్" అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అప్పుడు నేను లేచాను.  ఇది కలిసి రాకపోతే మార్చినుంచి మాకు చేతికొచ్చేది సున్నా, నాకు చచ్చేదాకా జావ.

"నా దగ్గర ఒక వస్తువుంది బాబూ. ఇరవై నాలుగు వేలు. దాన్ని ఈ అరవై ముగ్గురిలో అరవై ఇద్దరు చచ్చినా వాడలేరు. నా కొలతకు కట్టిన పళ్ళ సెట్టు. ఎవరింట్లో పెట్టినా భయం లేదు. ఎవరి భార్యా దాంతో పచ్చడి చెయ్యదు."

 చక్రధర్ పలక తీసి గబగబా నొక్కాడు. "కానీ వైద్యానికి పన్ను లేదే..."

"వైద్యమెందుకవుతుంది?" అంది కృపావతి, నాకేసి చూడకుండా. "గాజుమూత పెట్టెలో పెట్టి చేతులు మార్చేది వైద్యమా? అలంకరణ సామగ్రి. పద్దెనిమిది శాతం. సారికి నాలుగువేల మూడు వందల ఇరవై. మిక్సీకిలాగా పద్నాలుగు చుట్లు అక్కర్లేదు బాబూ, మూడు చుట్లలో నలభై శాతం దాటిపోతుంది."

"మూడు చుట్లు!" చక్రధర్ లేచి నిలబడ్డాడు. "మూడు చుట్లు! మేడమ్, తమరు ఇంత కాలం ఎక్కడున్నారు?"

"హైస్కూల్లో" అంది కృపావతి.

చక్రధర్ చేతిలో ఉన్న చక్రం ప్రోత్సాహక నిధినుంచి పళ్ళ సెట్టుకు సొమ్ము మంజూరైంది. డాక్టరు అప్పలకొండ బెంచీ మీదినుంచి లేచొచ్చి నా చిగుళ్ళ కొలత తీసుకున్నాడు. తయారయ్యాక ఒక్కసారి పెట్టి చూసుకుంటానంటే మాత్రం చక్రధర్ ఒప్పుకోలేదు. కొలత తీసుకోవడం ఉత్పత్తి కిందికీ, పెట్టి చూసుకోవడం వాడకం కిందికీ వస్తాయట. సరిపోతాయో లేదో తెలియకుండానే వాటిని గాజుమూత పెట్టెలో పెట్టి సీలు వేసేశారు. కుర్చీల వరస కృపావతి రాసింది. మొదటి కుర్చీలో నా పేరు వేసింది.

జనవరి రెండున ప్రధాన సంచాలకులవారు దిగారు. పెద్దాయన, నిండా అయిదడుగుల ఆరు అంగుళాల గాంభీర్యం. మాటకు ముందు ఒకసారి దగ్గుతారు. గుండ్రంగా కూర్చున్న మమ్మల్నీ, గాజుపెట్టెలో నవ్వుతున్న పళ్ళనూ చూశారు.

"ఇదేమి సరుకు?"

"అలంకరణ సామగ్రి సార్" అన్నాడు చక్రధర్. "ఉపయోగ రహితం. అందుచేత చలామణీ నిరంతరాయం."

"సంతోషం. ప్రారంభించవచ్చును."

దాలినాయుడు విజిలేశాడు. నేను నిధికి ఇరవై నాలుగు వేలు, డబ్బాలో నాలుగువేల మూడు వందల ఇరవై లెక్కపెట్టి ఇచ్చాను. జనవరి పింఛను అంతా దాదాపు అయిపోయింది. నా పేర రశీదు రాసి చేతిలో పెట్టారు. చలామణీ పుస్తకంలో నీలం సిరాతో ఎక్కించారు. ఒక్క చుక్క ఎరుపు లేదు. పెట్టె నా ఒళ్ళోకి వచ్చింది.

రెండో విజిలు పడింది. కృపావతి చేతులు చాపలేదు. కొంగు దోపుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

నేను సీలు చింపాను.

"మాస్టారూ!" చక్రధర్ గొంతు కీచుమంది. "మాస్టారూ, ఏం చేస్తున్నారు? మూత తీయరాదు!"

పై వరస పెట్టుకున్నాను. కింది వరస పెట్టుకున్నాను. చిగుళ్ళు చల్లగా జిల్లుమన్నాయి. ఒకసారి దవడ అటూ ఇటూ ఆడించాను. ఎక్కడా ఒరుసుకోలేదు. ఆ కుర్రడాక్టరు చెయ్యి బంగారం. అరవై ఇద్దరూ మెడలు చాచి నా నోట్లోకి చూస్తున్నారు. ఆఖరికి దాలినాయుడు విజిలు కూడా నోట్లోనే ఆగిపోయింది.

"వాడేశారు సార్!" అని చక్రధర్ ఏడుపు మొహంతో పెద్దాయన వైపు తిరిగాడు. "సెకండ్ హ్యాండు పళ్ళు ఎవరు కొంటారు సార్?"

"నేను కొననండీ" అన్నాడు హిందీ పండితుడు వెంటనే. "నేనూ కొనను" అన్నారు ఇంకో పాతికమంది.

పెద్దాయన దగ్గారు. నా రశీదు అడిగి చూశారు. చలామణీ పుస్తకం చూశారు. నన్ను చూశారు. "వీరు పింఛను సొమ్ముతో సరుకు కొన్నారు. పన్ను కట్టారు. తమ సరుకును తాము వాడుకున్నారు. ఇందులో అతిక్రమణ ఏమున్నది?"

"చక్రం ఆగిపోయింది సార్!"

"తిరుగుటకు ఏమి కావలెను?"

"ఆ పళ్ళు వెనక్కి రావాలి సార్."

పెద్దాయన మళ్ళీ దగ్గి, గడియారం చూసుకున్నారు. "నేను పన్నెండు గంటల బండికి వెళ్ళవలెను. సరుకు తిరిగి స్వాధీనమైనచో, మార్చినుండి నూరు శాతం చొప్పున రాష్ట్రమంతటా అమలు. కానిచో, ఈ చక్రము నేటితో రద్దు. రెండు ఉత్తర్వులూ టైపు చేయించి తెచ్చాను. ఏది సంతకము పెట్టమందురో త్వరగా తేల్చండి."

చక్రధర్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "మాస్టారూ, దయచేసి సరుకు అప్పగించండి."

"తీసుకోండి బాబూ" అన్నాను. ఎన్నాళ్ళకో నా మాట నాకే గణగణా వినిపించింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, నోరు బార్లా తెరిచాను.

ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి, మెల్లిగా నా నోటిదాకా తెచ్చాడు. నేను రెండు వరసలనూ ఒక్కసారి టక్కుమనిపించాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.